యుద్ధంలో చనిపోయిన ఆటగాడు అంతకుముందు ఏం పని చేసేవాడు? కనుక్కోవడం ఎలా

యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్న ఆటగాళ్ళ జాబితాలు చాలా ఉన్నాయి. పేరు, జట్టు, చనిపోయిన తేదీ సాధారణంగా సరిగ్గానే ఉంటాయి. తప్పులన్నీ 'వృత్తి' అనే గడిలో ఉంటాయి. అదే పేరున్న మరొకరి ఉద్యోగాన్ని తెచ్చి ఇతనికి అంటగడతారు. లేదా కుర్రతనంలో చేసి మానేసిన పనిని యుద్ధానికి ముందు వృత్తిగా రాసేస్తారు. ఒక్కరు తప్పు రాస్తే పదిమంది దాన్ని ఎత్తి రాసుకుంటారు, ఆ తర్వాత దాన్ని పీకడం ఎవరి తరమూ కాదు. చనిపోయిన మనిషి వచ్చి సరిదిద్దుకోలేడు కాబట్టి ఈ పని జాగ్రత్తగా చేయాలి.

ఇక్కడ చెప్పేది మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆటగాళ్ళ గురించి.

ఏం కావాలి?

ఇంటర్నెట్, ఒక నోటుబుక్కు, పెన్సిల్. పాత రికార్డులు చూపించే చందా సైటు ఒక్కటి చాలు. మనిషికో పేజీ కేటాయించండి. స్ప్రెడ్‌షీట్ వద్దు. గడి ఖాళీగా కనిపిస్తే దాన్ని ఏదో ఒకదానితో నింపాలనిపిస్తుంది, తప్పులు మొదలయ్యేది అక్కడే. ఎవరో తయారుచేసి పెట్టిన వంశవృక్షాలను చివరిదాకా తెరవకండి.

మొదట మరణం, తర్వాత వెనక్కి

చాలామంది పుట్టుక నుంచి మొదలుపెట్టి ముందుకు వస్తారు. అది తప్పు దారి. ఒకే పేరుతో పుట్టినవాళ్ళు ఒక ఊళ్ళోనే నలుగురు ఉండవచ్చు, వాళ్ళలో ఎవరు సైన్యానికి వెళ్ళారో పుట్టుక రికార్డు చెప్పదు. మరణం నుంచి వెనక్కి వెళితే కనీసం మొదటి అడుగు గట్టి నేల మీద పడుతుంది.

యుద్ధంలో చనిపోయినవాళ్ళ సమాధుల రికార్డులు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటులో వెతికితే హోదా, రెజిమెంటు, సర్వీస్ నంబరు, తేదీ దొరుకుతాయి. వృత్తి సాధారణంగా ఉండదు. అదనపు సమాచారంలో తల్లిదండ్రుల పేర్లో, భార్య పేరో ఉంటే అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. తర్వాత అవే మీకు ఆధారం.

సైన్యంలో చేరినప్పటి ఫారం

ఇందులో 'నీ వృత్తి ఏమిటి' అన్న ప్రశ్న ఉంటుంది. ఆస్ట్రేలియా సైనికుల ఫారాలు ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉచితంగా చూడొచ్చు. చనిపోయినవాళ్ళ కుటుంబాలు నింపి పంపిన ఫారాలు ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ దగ్గర ఉన్నాయి, వాటిలోనూ వృత్తి అడిగారు. న్యూజిలాండ్ వాళ్ళకైతే ఆక్లాండ్ మ్యూజియం నడిపే ఆన్‌లైన్ సెనోటాఫ్ అనే సైనికుల రికార్డుల సైటుతో మొదలుపెట్టండి.

బ్రిటన్ సైనికుడి ఫారం దొరకకపోతే టెన్షన్ పడకండి. 1940 సెప్టెంబరులో లండన్ మీద జరిగిన బాంబు దాడిలో మామూలు సైనికుల కాగితాలు సగానికి పైగా కాలిపోయాయి. ఆఫీసర్ల ఫైళ్ళు వేరే వరుసలో ఉంటాయి, వాటిని విడిగా వెతకాలి.

ఒక హెచ్చరిక. యుద్ధానికి చాలా ముందే సైన్యంలో చేరినవాడైతే ఫారంలో ఉన్నది చేరిన రోజు నాటి పని. అది 1914 నాటి పని కాదు.

1911 జనాభా లెక్కలు

ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ లెక్క 1911 ఏప్రిల్ 2 రాత్రి నాటిది. చాలా ఇళ్ళలో ఇంటి యజమాని స్వయంగా నింపిన కాగితమే మిగిలింది. వృత్తి, ఏ పరిశ్రమ, యజమానా కూలివాడా అన్నవి వేర్వేరు గడుల్లో ఉంటాయి. టైపు చేసి పెట్టిన సారాంశంతో సరిపెట్టుకోకుండా అసలు కాగితం బొమ్మనే చూడండి. ఐర్లండ్ లెక్కలు ఉచితం.

అతనే ఇతనని ఎలా తెలుస్తుంది?

అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. వెతికిన పేరు తెర మీద కనిపించగానే, వయసు కూడా దగ్గరగా ఉంటే, దొరికేశాడని వృత్తి రాసుకుని లేచిపోతారు. పేరు, వయసు కలవడం ఆధారం కాదు. వాటి పని వెతకడానికి దారి చూపించడం వరకే.

పేరు మారుతుంది. ఇంగ్లండ్ రగ్బీ కెప్టెన్ రోనాల్డ్ పౌల్టన్ పామర్ 1915 మేలో చనిపోయాడు. మేనమామ ఆస్తితో పాటు పామర్ అన్న ఇంటిపేరు అతనికి వచ్చింది 1914లో. ఆ ఇంటిపేరుతో 1911 కాగితాల్లో వెతికితే అతను దొరకడు, దొరికినవాడు అతను కాడు. 1905 నాటి న్యూజిలాండ్ రగ్బీ జట్టు కెప్టెన్ డేవ్ గాలహర్ 1873లో ఐర్లండ్‌లో పుట్టాడు. కుటుంబం ఇంటిపేరు అక్కడ గాలఘర్, తర్వాత స్పెల్లింగ్ మారింది. అతను సైన్యానికి చెప్పిన వయసులో మూడేళ్ళు తగ్గాయి. చిన్నవాళ్ళు వయసు పెంచి చెప్పారు, పెద్దవాళ్ళు తగ్గించి చెప్పారు. కాబట్టి వయసు సరిగ్గా కలిసినా నమ్మకండి, కలవకపోయినా కొట్టేయకండి.

పేరు, వయసు పక్కన పెట్టి మూడు ఆధారాలు కలవాలి. రెండు చాలవు. తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన ఊరు, భార్య పేరు, అన్నదమ్ముల పేర్లు, ఇలాంటివాటిలో ఏవైనా మూడు. చిరునామాను నేను లెక్కలోకి తీసుకోను. సమాధుల రికార్డులోని చిరునామా యుద్ధం తర్వాత కుటుంబం ఇచ్చినది, అప్పటికి వాళ్ళు ఇల్లు మారి ఉండవచ్చు.

ఆ మూడూ వేర్వేరు చోట్ల నుంచి రావాలి. క్లబ్బు చరిత్ర, స్థానిక పత్రిక, స్మారక పుస్తకం మూడూ ఒకే మాట చెబుతున్నాయంటే, ఒకదాన్ని చూసి మరొకటి రాసి ఉండవచ్చు. మాటలు ఒకేలా ఉంటే వాటిని ఒక్క ఆధారంగానే లెక్కపెట్టండి.

చివరిగా, అదే జిల్లాలో అదే పేరున్న మిగతావాళ్ళందర్నీ వెతికి, ఒక్కొక్కరిని ఎందుకు కాదంటున్నారో రాసుకోండి. ఇది విసుగు పుట్టించే పని. దీన్ని వదిలేసినవాళ్ళ జాబితాను నేను నమ్మను.

పనికి తేదీ ఉంటుంది

మనిషి దొరికాక కూడా 1911 ఏప్రిల్ నుంచి 1914 ఆగస్టు దాకా మూడేళ్ళ నాలుగు నెలలు మిగిలిపోతాయి. పైగా ఏప్రిల్ మొదట్లో ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ సీజను ఇంకా నడుస్తుంది, క్రికెట్ మొదలుకాదు. అందువల్ల క్రికెటర్ చలికాలపు పనిని రాసి ఉండవచ్చు.

కెంట్ స్పిన్నర్ కోలిన్ బ్లైత్‌నే తీసుకోండి. కుర్రతనంలో ఊలిచ్ ఆయుధ కర్మాగారంలో పని నేర్చుకున్నాడు, 1917 నవంబరులో చనిపోయాడు. అతని వృత్తి గడిలో కర్మాగారాన్ని రాస్తే అబద్ధం, ఎందుకంటే 1914 వేసవిలోనూ అతను డబ్బు తీసుకుని క్రికెట్ ఆడుతున్నాడు. వాల్టర్ టల్ ప్రింటింగ్ పని నేర్చుకున్నాడు, యుద్ధం వచ్చేనాటికి నార్తాంప్టన్ ఫుట్‌బాలర్. ఎవెలిన్ లింటాట్ అటు స్కూలు టీచరూ, ఇటు ఫుట్‌బాలరూ. ఆటే జీవనమైతే ఆటనే రాయాలి, రెండూ ఉంటే రెండూ రాయాలి. ఆటను పని కాదనుకుని పక్కన పెట్టడం ఆ మనుషులకు అన్యాయం.

మధ్య ఏళ్ళను పూడ్చడానికి పెళ్ళి సర్టిఫికెట్ అన్నిటికన్నా మంచిది, అందులో వరుడి వృత్తి ఉంటుంది. తర్వాత పిల్లల పుట్టుక సర్టిఫికెట్లు, వాటిలో తండ్రి వృత్తి ఉంటుంది. పాత పత్రికలు చూడటానికి ఆస్ట్రేలియాకు ట్రోవ్, న్యూజిలాండ్‌కు పేపర్స్ పాస్ట్ అనే సైట్లు ఉచితంగా దొరుకుతాయి. 1914 తర్వాత వచ్చిన సంతాప వార్తల్లో పొగడ్త ఎక్కువ, గుమస్తా మేనేజరుగా మారిపోతాడు. యజమాని పేరు చెబితేనే తీసుకోండి.

రాసేటప్పుడు

అసలు కాగితంలో ఏ మాట ఉంటే అదే రాయండి. 'ఇంజనీర్' అని ఉంటే బాయిలర్ నడిపేవాడు కూడా కావచ్చు, ఇప్పటి అర్థంలో అనువదించకండి. పని పక్కన తేదీ, దాని పక్కన ఆధారం ఉండాలి: 'గుమస్తా, 1911 ఏప్రిల్, జనాభా లెక్కలు'. రెండు కాగితాలు రెండు పనులు చెబితే రెండూ తేదీలతో సహా ఇవ్వండి. మూడు ఆధారాలు కుదరకపోతే 'నిర్ధారణ కాలేదు' అని రాసి తర్వాతి పేరుకు వెళ్ళండి.