కొత్తగా స్వెటర్ అల్లిక నేర్చుకుంటున్నారా? సూదులు ఇలా చూసి కొనండి

చలికాలం వస్తోందంటే మా విజయనగరంలో పసిపిల్లలకి టోపీలు, మేజోళ్లు అల్లాలని సరదా పడేవాళ్లు చాలామందే. గంటస్తంభం వైపు బజారుకి వెళ్లినప్పుడు ఊలుతో పాటు ఏ సూదులిస్తే అవి తెచ్చేసుకోకండి.

ముందు సైజు చూడండి. మొదటి జతకి 4 నుంచి 5 మి.మీ. మందం హాయిగా ఉంటుంది. కొన్ని సూదుల మీద పాత బ్రిటిష్ నంబరు ఉంటుంది. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది! 8 నంబరంటే 4 మి.మీ., 6 అంటే 5 మి.మీ. పెద్ద నంబరు కదా అని 12 తీసుకుంటే చేతికొచ్చేది 2.75 మి.మీ. పుల్ల. దాంతో జానెడు అల్లేసరికే విసుగొచ్చేస్తుంది.

నా ఓటు వెదురు సూదులకే. అల్యూమినియం మరీ నున్నన, కొత్త చేతుల్లో కుట్టు చటుక్కున జారి కిందిదాకా నిచ్చెనలా విడిపోతుంది. వెదురు ఊలుని కాస్త పట్టి ఉంచుతుంది. కాకపోతే కొనేముందు మొన నుంచి చివరిదాకా వేలితో నిమిరి చూడండి. ఎక్కడైనా పేడు తగిలితే వద్దనండి, ప్రతి వరుసలోనూ ఊలు అక్కడే చిక్కుకుంటుంది.

పొడవు 10 అంగుళాలు చాలు. 14 అంగుళాలవి కుర్చీ చేతులకి తగులుతూ ఉంటాయి.

ఊలు మాత్రం లేత రంగుదే తీసుకోండమ్మా. నలుపులో కుట్లు కనబడవు, లెక్క తప్పుతుంది. కుట్లు బిగుసుకుపోయి సూది దూరకపోతే టెన్షన్ పడకండి, ఒక సైజు లావుది వాడండి.