మానసిక వ్యాధులు, నర్సింగ్ సంరక్షణ – 5వ పాఠం: కేస్ షీట్‌లో చేరే చిన్నచూపు

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన నర్సింగ్ నోట్స్ అన్నీ చదివాను. రోగిని కించపరిచే మాట ఎవరూ వాడలేదు, అందుకు సంతోషం. అయితే "సహకరించడం లేదు", "కావాలని గొడవ చేస్తున్నాడు" అన్న వాక్యాలు చాలామంది నోట్స్‌లో కనిపించాయి. అలాంటి వాక్యాల్లో దాగిన చిన్నచూపు గురించి ముందు మాట్లాడుకోవాలి, అందువల్ల కుటుంబ సభ్యులతో మాట్లాడే పద్ధతిని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. సామాజిక కళంకం, అంటే వ్యాధి ఉన్నవారిని సమాజం చిన్నచూపు చూడటం, దాని నిర్వచనమూ రకాలూ మీకు తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను.

మానసిక వ్యాధి ఉందని తెలియగానే రోగి చెప్పే ప్రతి బాధనూ ఆ వ్యాధికే అంటగట్టడం మన వృత్తిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవారు ఇతరులకన్నా సగటున 10 నుంచి 20 ఏళ్లు ముందుగా మరణిస్తున్నారు. ఆ మరణాల్లో ఎక్కువ భాగానికి గుండెజబ్బుల వంటి శారీరక వ్యాధులే కారణం.

ఒక ఉదాహరణను దగ్గరగా చూడండి. భ్రమలు, భ్రాంతులు తగ్గించే హాలోపెరిడాల్ మందు మొదలైన కొద్ది రోజులకే రోగి మంచం మీద కుదురుగా కూర్చోలేక లేస్తాడు, నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చుంటాడు, నిలబడినా ఒక కాలి మీది బరువును ఇంకో కాలి మీదకు మారుస్తూనే ఉంటాడు. ఇది ఆ మందు వల్ల వచ్చే అకథీసియా, అంటే కదలకుండా ఉండలేని అశాంతి కావచ్చు. మీరు "ఉద్రేకం పెరిగింది" అని రాస్తే, దాన్ని నమ్మి వైద్యుడు అదే మందు మోతాదు పెంచే అవకాశం ఉంది. అప్పుడు బాధ మరింత ముదురుతుంది, ఆత్మహత్య ఆలోచనలకూ దారితీయవచ్చు. "కాళ్లు కదపకుండా ఉండలేకపోతున్నానని చెబుతున్నాడు, మందు మొదలై మూడో రోజు" అని రాస్తే అసలు కారణం వైద్యుడికి అందుతుంది. స్కిజోఫ్రెనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడే రోగి కడుపునొప్పి అన్నా ఇంతే: ఆ మందు తెచ్చే మలబద్ధకం పేగుల కదలికను ఆపి ప్రాణం తీయగలదు. బైపోలార్ వ్యాధికి ఇచ్చే లిథియం వాడేవారిలో వాంతులు, విరేచనాలు, వణుకు విషప్రభావానికి సూచనలు.

నేను పాటించే క్రమం ఒకటుంది: ఏ ఫిర్యాదు వచ్చినా ముందు నాడి, రక్తపోటు, శ్వాస, ఉష్ణోగ్రత, రక్తంలో చక్కెర చూసి నమోదు చేస్తాను, మానసిక కారణం గురించి ఆ తరువాతే ఆలోచిస్తాను.

అభ్యాసం: ఒక పూర్తి షిఫ్టులో మీరు రాసిన నోట్స్‌లోని తీర్పు వాక్యాలన్నిటినీ చూసినది, విన్నది, కొలిచినది మాత్రమే మిగిలేలా తిరిగి రాయండి. ఏ వాక్యమైనా అలా మారకపోతే రోగి దగ్గర కూర్చుని, అతడినే అడిగి పూర్తి చేయండి.