చెన్నైకి గ్రూపుల్ని తీసుకొచ్చేవాళ్ళకి, పాఠం 3: ట్రిప్పు ఎక్కడ ఆపాలో ముందే రాసిపెట్టుకోండి

పోయిన రెండు పాఠాల్లో ఏయే ప్రమాదాలు రావచ్చు, మన గ్రూపులో ఎవరికి ఎక్కువ ఇబ్బంది అని రాసుకున్నాం కదా, ఇప్పుడు దాన్ని వాడుకోవడం చూద్దాం. ఏం కనిపిస్తే ప్రోగ్రాం ఆపుతాం, ఆపమని చెప్పేది ఎవరు, ఆపాక అందర్నీ ఎక్కడికి తీసుకెళ్తాం, ఈ మూడూ బయల్దేరకముందే కాగితం మీద ఉండాలి. పెళ్ళి బట్టల కోసం నెల్లూరు నుంచి దిగినవాళ్ళంతా "చినుకులేగా, టీనగర్ పోదాం పదండి" అంటుంటే అప్పటికప్పుడు ఒక్కళ్ళే నిలబడి వద్దనడం చాలా కష్టమండి, అదే ముందే రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టుంటే "అనుకున్నదే కదా" అనేయొచ్చు.

2023 మిచౌంగ్ తుఫాను చూడండి. తీరం దాటింది డిసెంబర్ 5న, అదీ బాపట్ల దగ్గర, కానీ చెన్నై మునిగింది ముందురోజే. తుఫాను ఇటు రావట్లేదుగా అనుకున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. 4న రన్‌వే మీదకి నీళ్ళొచ్చి ఎయిర్‌పోర్టు మూసేశారు, బేసిన్ బ్రిడ్జి, వ్యాసర్‌పాడి మధ్య 14వ నంబరు బ్రిడ్జి దగ్గర నీళ్ళు పెరిగి సెంట్రల్ నుంచి రైళ్ళు రద్దు చేశారు. 2015లో అయితే చెంబరంబాక్కం చెరువు నీళ్ళు అడయారు నదిలోకి వదిలాక ఎయిర్‌పోర్టు రోజుల తరబడి మూతపడింది, కరెంటూ ఫోన్లూ కూడా పోయాయి. అందుకే "రైళ్ళు ఆగాక చూద్దాం" అనేది ప్లానే కాదు.

నా లెక్క ఇది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ ఇచ్చిందంటే సిద్ధంగా ఉండమని, మనం ఆ పూటే తిరుగు టికెట్లు ముందుకు జరుపుకోవాలి. రెడ్ వచ్చేసరికి ఇంకా ఊళ్ళోనే ఉంటే రోడ్డెక్కొద్దు, లాడ్జిలో పై అంతస్తులోనే ఉండిపోండి. లాడ్జి బుక్ చేసేటప్పుడే రేటు కంటే ముందు ఆ వీధి టీకొట్టాయన్ని "2015లో నీళ్ళు ఎందాకా వచ్చాయండి?" అని అడగండి, చాలామంది గోడమీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. జనరేటర్ సెల్లార్‌లో ఉందంటే ఆ లాడ్జి వద్దు. చేతిలో కొంత క్యాష్ ఉండాలి.

ఎండ, జనం సంగతి వేరు. 2024 అక్టోబర్ 6న మెరీనాలో ఎయిర్ షో చూడ్డానికి లక్షల మంది వచ్చారు, మిట్టమధ్యాహ్నం ఎండ, అయిపోగానే అందరూ ఒక్కసారే బయటికి, ఆ రోజు ఐదుగురు చనిపోయారు. ఇలాంటి చోట రాసుకోవాల్సింది ఎప్పుడు వెళ్ళాలని కాదు, ఎప్పుడు లేచి రావాలని. అరగంట ముందే లేచేయాలి, పెద్దవాళ్ళుంటే అసలు వెళ్ళొద్దు, తప్పిపోతే అందరూ కలవాల్సిన చోటు వివేకానంద ఇల్లం గేటు. మెరీనాలో సముద్రంలోకి దిగే ప్రోగ్రామే పెట్టుకోవద్దు, అది చర్చకి కూడా పెట్టొద్దు.

ఇంక ఆపమనేది ఎవరు? గ్రూపు లీడరే అని అందరూ రాస్తారు, నేనైతే డ్రైవర్‌కి కూడా ఆ హక్కు ఇస్తాను. టీనగర్ దురైస్వామి సబ్‌వేలో (రైలు పట్టాల కింద నుంచి వెళ్ళే రోడ్డు) నీళ్ళు నిలిచాయనుకోండి, బండి దింపాలా వద్దా అని వెనకాల కూర్చున్నవాళ్ళని అడుగుతూ ఉంటే టైమ్ పోతుంది, నీళ్ళు కనిపించగానే తిప్పేయమని ముందురోజే అందరి ముందు చెప్పేయండి. ఊరికి కొత్త డ్రైవర్ అయితే సబ్‌వేలు లేని రూట్ ఒకటి మీరే మ్యాప్‌లో గీసివ్వాలి.

ఈ వారం పని: మీ తర్వాతి ట్రిప్పులో వెళ్ళే ప్రతి చోటికీ పైన చెప్పిన మూడు లైన్లు తెలుగులో రాయండి, రేడియోలో తమిళంలో చెప్పేది మనవాళ్ళలో సగం మందికి అర్థం కాదు. కింద 112, 108, కార్పొరేషన్ 1913 రాసి, ఆ పేపర్ ఫోన్ లేని పెద్దావిడ చేతిలో కూడా ఒకటి పెట్టండి.