హ్యామ్ రేడియోను కంప్యూటర్‌కు కలిపి ఎఫ్‌టీ8 నడపడం ఎలా?

శ్రీకాకుళంలో మా డాబా మీద తీగ కట్టిన రోజు పక్కింటి అమ్మమ్మ కింద నుంచి కేకేసింది. "ఏటి బాబూ, బట్టలారేసుకోడానికి అంత పొడుగు తీగా?" హ్యామ్ రేడియోకని, అంటే లైసెన్స్ తీసుకుని ఇంటి నుంచే ప్రసారం చేసే అభిరుచి రేడియోకని చెప్పాను. "చేతిలో సెల్లుండగా మళ్లీ రేడియో ఏటి?" అని నవ్వుకుంటూ లోపలికెళ్లింది.

ఆ రాత్రి ఆవిడకు జవాబు చెప్పే స్థితిలో నేనూ లేను. ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి కోసం తెరిచిన ల్యాప్‌టాప్ తెర మీద సంకేతాల గీతలు జడివానలా దిగుతున్నాయి కానీ ఒక్క అక్షరం కూడా డీకోడ్ కాలేదు. రేడియో పాడైందనుకున్నా. యాంటెన్నా తప్పనుకుని టార్చిలైటు పట్టుకుని మళ్లీ డాబా ఎక్కా. చివరికి తేలిందేమిటంటే, ల్యాప్‌టాప్ గడియారం నాలుగు సెకన్లు వెనక ఉంది. అందుకే ఇక్కడ రేడియో గురించి తక్కువ, కొత్తవాళ్లు ఇరుక్కునే మూడు చోట్ల గురించి ఎక్కువ చెబుతాను: గడియారం, పోర్టు, సౌండ్ లెవెల్.

ముందుగా లైసెన్స్

లైసెన్స్ లేకుండా ప్రసారం చేయడం నేరం. 12 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా కేంద్ర దూరసంచార శాఖలో రేడియో లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ విభాగం పెట్టే పరీక్ష రాయవచ్చు. జనరల్ గ్రేడు వాళ్లకు వీయూ2తో, రిస్ట్రిక్టెడ్ గ్రేడు వాళ్లకు వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (గాల్లో మీ పేరులాంటి గుర్తు) వస్తుంది. మీ గ్రేడుకు ఏ బ్యాండ్లు, ఎంత పవర్, ఏ తరహా ప్రసారం అనుమతించారో చూసుకున్నాకే ట్రాన్స్‌మిట్ బటన్ జోలికి వెళ్లండి.

ఈలోగా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం వాళ్ల రిసీవర్‌ను బ్రౌజర్‌లోనే వినొచ్చు. ఆ శబ్దాన్ని వర్చువల్ ఆడియో కేబుల్ (ఒక ప్రోగ్రామ్ శబ్దాన్ని ఇంకోదానికి చేరవేసే సాఫ్ట్‌వేర్) ద్వారా డీకోడ్ చేసే సాఫ్ట్‌వేర్‌కు అందిస్తే, ఇంట్లో రేడియో లేకుండానే డీకోడింగ్ చేతికి అలవాటవుతుంది.

ఎఫ్‌టీ8 అంటే

ఇది మాటలు పలికే పద్ధతి కాదు. కంప్యూటర్ ఒక చిన్న సందేశాన్ని ఎనిమిది స్వరాలుగా మార్చి రేడియోకు ఇస్తుంది, అవతలి కంప్యూటర్ వాటిని విని మళ్లీ అక్షరాలు చేస్తుంది. 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ కలిసి 2017లో దీన్ని తెచ్చారు. ఒక్కో సంకేతం 50 హెర్ట్జ్ వెడల్పే ఆక్రమిస్తుంది. చెవికి హోరు తప్ప ఏమీ వినిపించని చోట, ఆ హోరు కంటే 20 డెసిబెల్స్ కింద ఉన్న సంకేతాన్ని కూడా లాగుతుంది. డాబా మీద ఒక తీగ, 25 వాట్ల పవర్ ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి?

సామాను, తీగ

హెచ్ఎఫ్ ట్రాన్స్‌సీవర్ (షార్ట్‌వేవ్‌లో వినడం, పంపడం రెండూ చేసే రేడియో), 13.8 వోల్టుల పవర్ సప్లై (100 వాట్ల రేడియోకు 20 ఆంపియర్లకు పైన ఇచ్చేది), ల్యాప్‌టాప్, మంచి యూఎస్‌బీ కేబుల్ ఉంటే చాలు. ఐకామ్ ఐసీ-7300 లాంటి రేడియోల్లో సౌండ్ కార్డు లోపలే ఉంటుంది, ఒక్క కేబుల్‌తో పని అయిపోతుంది. పాత రేడియో అయినా, హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిటెక్స్ లాంటి కిట్ అయినా మధ్యలో విడిగా ఇంటర్‌ఫేస్ పెట్టాలి. రేడియోకూ ల్యాప్‌టాప్‌కూ నేరుగా కరెంటు కలవకుండా అందులో ఆడియో దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, పీటీటీకి (పంపమని రేడియోకు చెప్పే స్విచ్చు) ఆప్టోకప్లర్ ఉండేలా చూసుకోండి. లేకపోతే ల్యాప్‌టాప్ గుయ్యిమనే హమ్ కూడా గాల్లోకి పోతుంది.

20 మీటర్ల బ్యాండ్‌కు (14 మెగాహెర్ట్జ్ ప్రాంతం) డైపోల్, అంటే మధ్యలో కేబుల్ తగిలించే రెండు చేతుల తీగ యాంటెన్నా, కట్టాలంటే అటూ ఇటూ ఐదేసి మీటర్ల తీగ చాలు. చిటికెడు ఎక్కువే కోసి, యాంటెన్నా ఎంత కుదిరిందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చూస్తూ రెండు వైపులా సమానంగా తగ్గించుకుంటూ రండి. కొబ్బరిచెట్టుకు కట్టేవాళ్లు తీగను బిర్రుగా ముడేయకండి, గాలికి చెట్టు ఊగితే పుటుక్కుమంటుంది. చెట్టుకు కప్పీ కట్టి, తీగ చివరి తాడును దాని మీదుగా కిందకు వదిలి ఒక ఇటుక వేలాడదీయండి. చెట్టు ఊగినప్పుడు ఇటుక పైకీ కిందికీ ఆడుతుంది, తీగ మాత్రం అలాగే ఉంటుంది. కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి కనెక్టర్లను తినేస్తుంది. కోయాక్స్ (యాంటెన్నా నుంచి రేడియోకు వచ్చే కేబుల్) చివర్లకు నీరు చొరని రబ్బరు టేపు రెండు చుట్లు తిప్పండి.

గడియారం

ఎఫ్‌టీ8లో అందరూ గడియారం చూసే మాట్లాడతారు. ప్రతి నిమిషం 0, 15, 30, 45 సెకన్ల దగ్గర వంతు మారుతుంది. మీ గడియారం ఒక సెకను లోపు సరిగ్గా ఉండాలి. విండోస్‌లో తేదీ, సమయం సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'సింక్ నౌ' నొక్కండి. రోజూ నడిపేవాళ్లు ఇంటర్నెట్‌ నుంచి సమయం సరిచేసే ఎన్‌టీపీ ప్రోగ్రామ్ ఒకటి వేసుకుంటే ఆ గొడవే ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో కనిపించేది యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం, మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనక. అది చూసి టైమ్ తప్పుందని మార్చేయకండి. డీకోడ్ అయిన ప్రతి వరుసలో 'డీటీ' అనే అంకె ఉంటుంది, ఆ సంకేతానికీ మీ గడియారానికీ ఎన్ని సెకన్ల తేడా ఉందో అది చెబుతుంది. అందరి డీటీ ఒకేలా 1.5 అనో మైనస్ 1.3 అనో కనిపిస్తే తప్పు వాళ్లది కాదు, మీ గడియారానిదే.

పోర్టు

రేడియో తయారీదారు ఇచ్చిన యూఎస్‌బీ డ్రైవర్ ముందు వేసి, తర్వాతే కేబుల్ గుచ్చండి. చాలామంది తొందరలో దీన్ని తిరగేస్తారు. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద కామ్3, కామ్5 లాంటి పేరు వస్తుంది, దాన్ని రాసిపెట్టుకోండి. రేపు కేబుల్‌ను వేరే రంధ్రంలో పెడితే ఆ నంబరు మారిపోవచ్చు. 'నిన్న పనిచేసింది, ఇవాళ చేయట్లేదు' అనే ఫిర్యాదులో సగం ఇదే.

ఇప్పుడు డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సాఫ్ట్‌వేర్ దించుకోండి, ఉచితమే. ఎఫ్2 నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. జనరల్ ట్యాబ్‌లో కాల్‌సైన్, గ్రిడ్ (భూమిని గళ్లుగా విడదీస్తే మీ ఊరు పడే గడి కోడ్) వేయాలి. శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం అన్నీ ఎన్‌కే18లోనే ఉన్నాయి. టెక్కలి, పలాస వాళ్లు ఎన్‌కే28 వేయాలి, ఇచ్ఛాపురం ఎన్‌కే29. విశాఖ మిత్రుడి సెట్టింగ్స్ కాపీ కొడితే ఎన్‌కే17 వచ్చి కూర్చుంటుంది, జాగ్రత్త.

రేడియో ట్యాబ్‌లో మీ మోడల్, కామ్ పోర్టు, బాడ్ రేటు (కేబుల్ మీద సమాచారం పోయే వేగం) ఎంచుకోండి. రేడియో మెనూలో ఏ బాడ్ రేటు ఉందో ఇక్కడా అదే ఉండాలి. పీటీటీకి క్యాట్ (కంప్యూటర్ నుంచే రేడియోను నడిపే పద్ధతి), మోడ్‌కు డేటా, స్ప్లిట్‌కు ఫేక్ ఇట్ పెట్టి 'టెస్ట్ క్యాట్' నొక్కండి. బటన్ ఆకుపచ్చగా మారితే రేడియో మాట వింటున్నట్టే. 'టెస్ట్ పీటీటీ' నొక్కేముందు యాంటెన్నా తగిలించి ఉందో లేదో చూసుకోండి.

సౌండ్ లెవెల్

ఆడియో ట్యాబ్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ రేడియోకు చెందిన యూఎస్‌బీ ఆడియో కోడెక్ కావాలి. విండోస్ తన సొంత శబ్దాలకు మాత్రం ల్యాప్‌టాప్ స్పీకర్‌నే డిఫాల్ట్‌గా ఉంచండి. నేనిది మరిచిపోయి ఒకసారి వాట్సాప్ 'టింగ్'ను 14 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం చేశాను. ఆ కోడెక్‌కు సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్స్ ఏవైనా ఉంటే ఆపేయండి.

రేడియోను 14.074 మెగాహెర్ట్జ్ దగ్గర, యూఎస్‌బీ డేటా మోడ్‌లో పెట్టండి (ఇక్కడ యూఎస్‌బీ అంటే కేబుల్ కాదు, అప్పర్ సైడ్‌బ్యాండ్ అనే రేడియో మోడ్). తెరలో కింద ఎడమ పక్క నిలువు మీటరు ఉంటుంది. సంకేతాలు లేని వేళ అది 30 దగ్గర ఉండేలా రికార్డింగ్ లెవెల్ సర్దండి. ఎరుపెక్కితే ఎక్కువైనట్టు.

అసలు పొరపాట్లు జరిగేది పంపేటప్పుడు. రేడియోలో ఏఎల్‌సీ మీటరు (లోపలికొచ్చే సౌండ్ మితిమీరితే చూపేది) తెరిచి, సాఫ్ట్‌వేర్‌లోని 'ట్యూన్' నొక్కి, కుడి పక్క 'పవర్' స్లైడర్‌ను కిందికి లాగండి. ఏఎల్‌సీ ముల్లు కదలడం ఆగిన చోట ఆపేయండి. సౌండ్ ఎక్కువిస్తే దూరం పోతుందనుకోవడం భ్రమ. సంకేతం చీలిపోయి, ఉన్నచోటే కాక పక్కన నాలుగైదు చోట్ల దెయ్యంలా తేలుతుంది, బ్యాండ్‌లో ఉన్నవాళ్లంతా తిట్టుకుంటారు. ఇంకో సంగతి. ఒక్కో వంతులో 12.64 సెకన్ల పాటు రేడియో పూర్తి పవర్‌తో ఆగకుండా పనిచేస్తుంది. వేసవి మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూడండి, వెనక ఫిన్లు పెనంలా కాలుతుంటాయి. 100 వాట్ల రేడియోను 25, 30 వాట్లకు మించి తోలకండి.

ట్రాన్స్‌మిట్ కాగానే కేబుల్ ఊడిపోయినట్టు యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అయితే, కేబుల్ రెండు చివర్లా ఫెర్రైట్ క్లాంపులు (రేడియో తరంగాలు కేబుల్‌లో దూరకుండా ఆపే బిళ్లలు) వేయండి. వాటర్‌ఫాల్ (తెర మీద సంకేతాల గీతలు దిగే చోటు) మీద గీతలు గీతలుగా హోరు వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి చూడండి. మా ఇంట్లో దొంగ అదే. రెండో దొంగ వంటింటి ఎల్‌ఈడీ బల్బు.

మొదటి కాంటాక్ట్

కనీసం ఒక గంట ఊరికే వినండి. తర్వాత వాటర్‌ఫాల్ మీద ఖాళీ చోట షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేసి, 'హోల్డ్ టీఎక్స్ ఫ్రీక్వెన్సీ' టిక్ పెట్టండి. సీక్యూ (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) అని పిలుస్తున్న వరుస మీద డబుల్ క్లిక్ చేస్తే మీ కాల్‌సైన్, గ్రిడ్ వెళ్తాయి. అవతలి వాళ్లు మీ సంకేతం ఎంత బలంగా వచ్చిందో చెప్పే మైనస్ 12 లాంటి రిపోర్టు పంపుతారు, మీ రిపోర్టు వెళ్తుంది, అందిందనే ఆర్‌ఆర్73 వస్తుంది, 73 అని వీడ్కోలు చెప్పి ముగిస్తారు. అంతా ఒకటిన్నర నిమిషం. లాగ్ విండో రాగానే ఓకే నొక్కండి. ఎవరూ పలకకపోతే నిరుత్సాహపడకుండా పీఎస్‌కే రిపోర్టర్ మ్యాప్ తెరిచి మీ కాల్‌సైన్ వెతకండి, ఎవరెవరికి వినిపించారో అక్కడ కనిపిస్తుంది. పగలు 10, 15 మీటర్లు, సాయంత్రం 20, రాత్రి 40 ప్రయత్నించవచ్చు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ తీరం దాటిన రోజులు గుర్తున్నవాళ్లు 'తుఫానులో ఇది పనికొస్తుందా' అని అడుగుతారు. నిజం చెప్పాలంటే ఎఫ్‌టీ8తో 'మా ఊరికి మందులు పంపండి' అని చెప్పలేం, అందులో అంత జాగా లేదు. కానీ ఇదే అమరిక మీద జేఎస్8కాల్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే వాక్యాలు టైప్ చేసి పంపవచ్చు. గడియారం, పోర్టు, లెవెల్ అప్పటికే కుదిరి ఉంటాయి కాబట్టి పది నిమిషాల పని. అయితే ల్యాప్‌టాప్‌నూ రేడియోనూ బ్యాటరీ మీద ఒక పూట నడిపి చూసుకోవడం మాత్రం తుఫాను రాకముందే చేయాలి.

పని ముగిశాక కోయాక్స్‌ను రేడియో వెనక నుంచి విప్పి కిటికీ బయట పడేయండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఆకాశం నల్లబడి ఉరుము వినిపించేదాకా ఆగకండి.