డేటా లోడింగ్ ఎక్కడ నెమ్మదిస్తోందో కనిపెట్టే పద్ధతి

లక్షల కొద్దీ రికార్డులను ఒక టేబుల్‌లోకి ఎక్కించే పని గంటల తరబడి సాగుతుంటే, సర్వర్‌లో మెమరీ పెంచడమో, చేతికందిన సెట్టింగులన్నీ ఒకేసారి మార్చేయడమో చాలామంది చేస్తుంటారు. అలా మార్చినప్పుడు వేగం పెరిగినా ఏ మార్పు వల్ల పెరిగిందో తెలియదు కనుక, డేటా రెట్టింపైన రోజున సమస్య మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే ముందు కారణం తేల్చుకోవాలి, ఆ తర్వాతే ఒక్కొక్క మార్పూ చేయాలి. ఇక్కడ చెప్పేది ప్రధానంగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ గురించి; మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో ముఖ్యమైన తేడా ఉన్నచోట దాన్ని ప్రస్తావిస్తాను.

మొదట గమనించవలసింది మొత్తం ఎంత సమయం పట్టిందని కాదు, వేగం ఎలా మారుతూ వచ్చిందని. నిమిషానికి ఎన్ని రికార్డులు చేరుతున్నాయో రాసిపెట్టుకోండి. ఫైలు మొత్తాన్ని ఒకేసారి ఎక్కించే కాపీ కమాండ్ వాడుతుంటే, 14వ వెర్షన్ నుంచి ఉన్న పీజీ_స్టాట్_ప్రోగ్రెస్_కాపీ అనే వ్యూ (టేబుల్‌లా చదువుకోగల జాబితా) అప్పటిదాకా ఎన్ని రికార్డులు చేరాయో చూపిస్తుంది. రికార్డులను చేర్చే ఇన్సర్ట్ కమాండ్‌లు వాడుతుంటే ప్రతి బ్యాచ్ తర్వాత మీ ప్రోగ్రామే సమయాన్ని లాగ్‌లో రాయాలి. మరో సెషన్ నుంచి టేబుల్‌లోని రికార్డులను లెక్కపెట్టి ప్రయోజనం లేదు, కమిట్ కాని (ఇంకా ఖరారు కాని) రికార్డులు అక్కడికి కనిపించవు. దీనితోపాటు, ఏ సెషన్ ఏం చేస్తోందో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీలో లోడింగ్ సెషన్ దేనికోసం ఎదురుచూస్తోందో కొన్ని సెకన్లకొకసారి చాలాసార్లు చూడాలి. ఒక్కసారి చూసి నిర్ణయానికి రావడం పొరపాటవుతుంది.

మొదటి రికార్డు నుంచి చివరి దాకా వేగం ఒకేలా తక్కువగా ఉంటే, ప్రతి రికార్డుపైనా ఏదో స్థిరమైన ఖర్చు పడుతోందని అర్థం. ప్రతి కమాండ్‌నూ వెంటనే కమిట్ చేసే ఆటోకమిట్ ఇక్కడ మొదటి అనుమానితుడు. ఒక్కో ఇన్సర్ట్ ఒక్కో ట్రాన్సాక్షన్ (కలిపి ఖరారయ్యే పనుల కట్ట) అయినప్పుడు, ప్రతి కమిట్‌కూ మార్పులను ముందుగా రాసుకునే వాల్ అనే లాగ్ డిస్క్‌పైకి చేరేదాకా సర్వర్ ఆగాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్‌డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. రైట్ కాష్ (రాతలను తాత్కాలికంగా దాచే మెమరీ) అండ లేకుండా చుట్టుకు ఒక కమిట్ చొప్పున లెక్కవేస్తే, 10 లక్షల రికార్డులకు 2 గంటలా 19 నిమిషాలు పడుతుంది. అంటే సీపీయూ ఖాళీగా ఉండగానే అంత సమయం గడిచిపోతుంది. ఎస్‌ఎస్‌డీలో ఈ ఖర్చు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఎదురుచూపుల్లో వాల్‌సింక్ (ఆ లాగ్ డిస్క్‌కు చేరడం కోసం ఆగడం) తరచుగా కనిపిస్తే కారణం ఇదే కావచ్చు. వేల రికార్డులను ఒక ట్రాన్సాక్షన్‌లో చేర్చడమో, కాపీకి మారడమో దీనికి పరిష్కారం.

అలా కాక క్లయింట్‌రీడ్ కనిపిస్తుంటే, సర్వర్ పని ముగించుకుని మీ ప్రోగ్రామ్ కోసమే ఎదురుచూస్తోంది. అప్పుడు సర్వర్ సెట్టింగులు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు. నెట్‌వర్క్‌లో ఒక రాకపోకకు ఒక మిల్లీసెకను పట్టినా, 10 లక్షల విడి ఇన్సర్ట్‌లకు 16 నిమిషాలకు పైగా దారిలోనే గడిచిపోతాయి. ఫైలు చదివి, మార్పులు చేసే భాగాన్ని మాత్రమే, డేటాబేస్‌కు పంపకుండా ఒకసారి నడిపి చూడండి. అదే నెమ్మదిగా ఉంటే వెతకవలసిన చోటు అక్కడే.

మొదట చురుగ్గా సాగి, డేటా పెరిగేకొద్దీ మందగిస్తుంటే ఇండెక్స్‌లను, అంటే రికార్డులను త్వరగా వెతకడానికి ఉండే సూచికలను చూడాలి. వరుసగా పెరిగే నంబర్ కీ అయితే కొత్త ఎంట్రీలన్నీ ఇండెక్స్ చివరి పేజీల్లోనే చేరుతాయి కనుక ఆ పేజీలు మెమరీలోనే ఉంటాయి. రాండమ్ యూయూఐడీ (యాదృచ్ఛికంగా తయారయ్యే పొడవైన గుర్తింపు సంఖ్య) అయితే ప్రతి ఎంట్రీ ఎక్కడో ఒకచోట పడుతుంది. ఇండెక్స్ పరిమాణం మెమరీని దాటిన క్షణం నుంచి, రాయడానికి ముందు పేజీని డిస్క్ నుంచి చదవవలసి వస్తుంది. డేటాఫైల్‌రీడ్ ఎదురుచూపులు పెరగడం దీనికి గుర్తు. నిర్ధారణ కోసం ఇండెక్స్‌లు లేని నకలు టేబుల్‌లోకి అదే ఫైలును లోడ్ చేసి, తర్వాత ఇండెక్స్‌లను ఒక్కొక్కటిగా చేరుస్తూ మళ్లీ కొలవండి. చిన్న నమూనాతో ఈ పరీక్ష చేయకూడదు, మెమరీలో ఇమిడేంత డేటాలో ఈ లోపం బయటపడదు. మైఎస్‌క్యూఎల్ డేటాను దాచే ఇంజిన్ ఇన్నోడీబీలో టేబులే ప్రైమరీ కీ (ప్రతి రికార్డునూ గుర్తించే కీ) క్రమంలో ఉంటుంది కాబట్టి, ఫైలును ఆ క్రమంలో సార్ట్ చేసి ఎక్కించడం అక్కడ ఎంతో మేలు చేస్తుంది.

ఖాళీ టేబుల్‌లోకైతే డేటా ఎక్కించాకే ఇండెక్స్‌లు నిర్మించడం మంచిది. అందుకు, ఇండెక్స్ నిర్మాణానికి వాడే మెమరీ పరిమితి అయిన మెయింటెనెన్స్_వర్క్_మెమ్‌ను డిఫాల్ట్ 64 ఎంబీ నుంచి పెంచాలి. ఇప్పటికే కోట్ల రికార్డులున్న టేబుల్‌కు కొద్దిపాటి డేటా చేర్చడానికి ఇండెక్స్‌లు తీసేస్తే, వాటిని తిరిగి కట్టే ఖర్చే ఎక్కువవుతుంది.

ఫారిన్ కీలు (మరో టేబుల్‌లో సంబంధిత రికార్డు ఉండాలనే నిబంధనలు), ట్రిగ్గర్లు (డేటా మారినప్పుడు తమంతట నడిచే పనులు) ఎంత సమయం తింటున్నాయో ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో ఇన్సర్ట్ నడిపితే ఫలితం చివర విడివిడిగా కనిపిస్తుంది. అది నిజంగానే డేటా చేరుస్తుంది కనుక ట్రాన్సాక్షన్‌లో నడిపి రోల్‌బ్యాక్ (రద్దు) చేయాలి. ఫారిన్ కీని తీసేసి, లోడింగ్ అయ్యాక తిరిగి పెడితే పోస్ట్‌గ్రెస్ అన్ని రికార్డులనూ తనిఖీ చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీ తనిఖీని ఆపి మళ్లీ ఆన్ చేస్తే, మధ్యలో చేరిన రికార్డులను అది వెనక్కి వెళ్లి చూడదు. తప్పుడు డేటా నిశ్శబ్దంగా మిగిలిపోతుంది. ఆ తనిఖీ మీరే చేయాలి.

వేగం కాసేపు బాగుండి, కాసేపు పడిపోతూ ఉంటే సర్వర్ లాగ్ తెరవండి. చెక్‌పాయింట్లు (మెమరీలోని మార్పులను డిస్క్‌పైకి దించే పనులు) మరీ తరచుగా జరుగుతున్నాయన్న హెచ్చరిక అందులో ఉంటే, డిఫాల్ట్‌గా 1 జీబీ ఉండే వాల్ పరిమాణ పరిమితి మ్యాక్స్_వాల్_సైజ్ ఈ పనికి చాలడం లేదు. ప్రతి చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీ మొదటిసారి మారినప్పుడు పేజీ మొత్తం వాల్‌లోకి వెళుతుంది కాబట్టి, చెక్‌పాయింట్లు పెరిగితే వాల్ కూడా పెరుగుతుంది. పూర్తిగా ఆగిపోతుంటే మాత్రం లాక్‌ను (మరో సెషన్ టేబుల్‌నో రికార్డునో పట్టి ఉంచడాన్ని) అనుమానించి, ఎవరు అడ్డుగా ఉన్నారో పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఫంక్షన్‌తో తెలుసుకోవాలి.

వేగం కోసం, రాతలు డిస్క్‌పైకి కచ్చితంగా చేరేలా చూసే ఎఫ్‌సింక్‌ను ఆపమనే సలహాను పాటించకండి. మధ్యలో విద్యుత్ పోతే డేటాబేస్ మొత్తం పాడయ్యే ప్రమాదముంది. కమిట్‌కు వాల్ డిస్క్‌కు చేరేదాకా ఆగేలా చేసే సింక్రొనస్_కమిట్‌ను లోడింగ్ సెషన్‌కు మాత్రమే ఆపితే, క్రాష్ అయినప్పుడు చివరి కొన్ని కమిట్‌లు పోవచ్చు గానీ డేటాబేస్ చెడిపోదు. ఫైలును మళ్లీ ఎక్కించగలిగితే అది సమంజసమైన బేరమే. లోడింగ్ ముగిసిన వెంటనే ఆ టేబుల్‌పై గణాంకాలు సేకరించే అనలైజ్ నడపండి, లేకుంటే పాత గణాంకాలతో, క్వెరీని నడిపే దారిని నిర్ణయించే ప్లానర్ తప్పు దారి ఎంచుకుని తర్వాతి క్వెరీలు మందగించే అవకాశముంది.