పాత బేస్‌బాల్ మ్యాచ్‌లు, ఆటగాళ్ల లెక్కలు ఎలా చదవాలి? రెడ్ సాక్స్‌తో మొదలుపెడదాం

క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లకి స్కోర్‌కార్డు చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ అమెరికా వచ్చాక బేస్‌బాల్ పేజీ తెరిస్తే మాత్రం తెల్లమొహం వేస్తాం. నేనూ వేశాను. ఆఫీసులో లంచ్ దగ్గర బోస్టన్ వాళ్లు "2004 గేమ్ ఫోర్" అంటూ కళ్లు మెరిపిస్తుంటే, ఊరికే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఒక రాత్రి పట్టుదలగా జట్టు మొత్తం గణాంకాల పట్టిక తెరిచాను. బోలెడన్ని నిలువు వరసలు, అన్నీ రెండు మూడు అక్షరాల పొట్టి పేర్లు. పది నిమిషాల్లో మూసేశాను.

తప్పు నాదే. పట్టికతో మొదలుపెట్టకూడదు. ఒక్క మ్యాచ్‌తో మొదలుపెట్టాలి.

అసలు ఈ లెక్కలు మనకి మరీ పరాయివి కావు. ఈరోజు మనం చూసే బేస్‌బాల్ బాక్స్ స్కోర్‌కి (ఒక్క ఆట లెక్కల పట్టికకి) రూపం ఇచ్చినవాడిగా చెప్పే హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, న్యూయార్క్ పత్రికలకి క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్ వైపు వచ్చాడు. కాబట్టి అందులో మన స్కోర్‌కార్డు పోలికలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ముందు జట్టు పేరు సరిచూసుకోండి

మీ ఊరి జట్టునో, మీ పిల్లలు టోపీ పెట్టుకుని తిరిగే జట్టునో ఎంచుకోండి. నేను బోస్టన్ రెడ్ సాక్స్‌ని ఉదాహరణగా తీసుకుంటాను. ఈ జట్టు 1901లో మొదలైంది, కానీ రెడ్ సాక్స్ అనే పేరు 1908 నుంచే. అంతకుముందు బోస్టన్ అమెరికన్స్ అనేవాళ్లు. 1903లో మొదటి వరల్డ్ సిరీస్ (రెండు పెద్ద లీగుల విజేతల మధ్య జరిగే ఫైనల్) గెలిచింది ఆ పేరుతోనే. పైగా 1952 వరకు ఆ ఊళ్లో బ్రేవ్స్ అని ఇంకో జట్టు ఉండేది. అది 1953లో మిల్వాకీకి, 1966లో అట్లాంటాకి మారింది. పాత పేపర్లో "బోస్టన్ గెలిచింది" అని కనిపిస్తే, ఏ బోస్టనో చూసుకోవాలి.

డాలస్ వైపు ఉన్న మనవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. టెక్సస్ రేంజర్స్ 1972కి ముందు వాషింగ్టన్ సెనేటర్స్. కానీ అదే పేరుతో అంతకుముందు ఉన్న జట్టు వేరు, అది 1961లో మిన్నెసోటా ట్విన్స్ అయింది. పేరు ఒకటే, వంశాలు రెండు.

తర్వాత ఒక్క మ్యాచ్ పట్టుకోండి

బేస్‌బాల్ రిఫరెన్స్ అనే సైట్లో జట్టు పేజీకి వెళ్లి, సీజన్ ఎంచుకుని, షెడ్యూల్ తెరవండి. ఏ తేదీ వరసలోనైనా బాక్స్ స్కోర్ లింక్ నొక్కితే ఆ మ్యాచ్ లెక్కలు వస్తాయి. ప్లేఆఫ్ మ్యాచ్‌లు విడిగా ఉంటాయి. నేను చెప్పబోయేది 2004 అక్టోబర్ 17, అమెరికన్ లీగ్ (ఆ రెండు పెద్ద లీగుల్లో ఒకటి) ఫైనల్ సిరీస్‌లో నాలుగో ఆట, బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో. న్యూయార్క్ యాంకీస్ అప్పటికి 3–0 ఆధిక్యంలో ఉన్నారు. మూడో ఆటలో 19–8తో రెడ్ సాక్స్‌ని చితక్కొట్టారు. ఇంకొక్కటి ఓడితే ఇంటికే.

పేజీలో అన్నిటికన్నా పైన ఇలా ఉంటుంది:

యాంకీస్: 002 002 000 000 – 4
రెడ్ సాక్స్: 000 030 001 002 – 6

ఒక్కో అంకె ఒక్కో ఇన్నింగ్స్‌లో వచ్చిన పరుగులు. మామూలుగా తొమ్మిది ఉండాలి, ఇక్కడ పన్నెండు ఉన్నాయంటే తొమ్మిదో ఇన్నింగ్స్ ముగిసేసరికి స్కోర్ సమమైందన్నమాట. ఇంటి జట్టు ఎప్పుడూ రెండోసారి బ్యాటింగ్ చేస్తుంది కాబట్టి కింది వరసలో ఉంటుంది. తొమ్మిదో గడిలో రెడ్ సాక్స్‌కి ఉన్న ఆ 1 మీద వేలు పెట్టండి. మ్యాచ్ అంతా అక్కడుంది.

ఇప్పుడు కిందికి దిగి ఆటగాళ్ల పట్టికలో డేవ్ రాబర్ట్స్ పేరు వెతకండి. ఎదురుగా బ్యాటింగ్ అవకాశాలు 0, పరుగులు 1, హిట్లు (బంతి కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరినవి) 0 అని ఉంటుంది. అసలు బ్యాటే పట్టని మనిషి. ఈ వరస చూసి "వీడెవడో బెంచీ మీంచి వచ్చిన పాత్రలాగా ఉన్నాడు" అనుకుని దాటేస్తాం. నేను దాటేశాను.

ఇంకా కిందికి వెళ్తే బంతి తర్వాత బంతిగా ఆట నడిచిన తీరు ఉంటుంది, దాన్ని ప్లే-బై-ప్లే అంటారు. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం తెరవండి. స్కోర్ 4–3, యాంకీస్ ముందున్నారు. పిచ్చర్ (బంతి వేసేవాడు) మరియానో రివేరా, ఆ కాలంలో ఆట ముగించడంలో అంతటివాడు లేడు. కెవిన్ మిల్లార్ వాక్ మీద, అంటే పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేయడంతో ఊరికే, మొదటి బేస్‌కి వెళ్లాడు. అతని బదులు పరిగెత్తడానికి రాబర్ట్స్ వచ్చాడు. ఇతను రెండో బేస్ దొంగిలిస్తాడని, అంటే పిచ్చర్ బంతి వేస్తుండగానే అక్కడికి పరిగెడతాడని, స్టేడియంలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. రివేరాకీ తెలుసు, అందుకే మూడుసార్లు మొదటి బేస్‌కి బంతి విసిరి బెదిరించాడు. తర్వాత బ్యాటర్‌కి వేసిన మొదటి బంతికే రాబర్ట్స్ దూసుకెళ్లాడు, రెండో బేస్ దగ్గర వెంట్రుకవాసిలో బతికాడు. వెంటనే బిల్ మ్యూలర్ సింగిల్ (ఒక్క బేస్ హిట్) కొట్టాడు, రాబర్ట్స్ బేస్‌లన్నీ చుట్టి హోమ్ చేరాడు, పరుగు వచ్చింది. అదే ఆ 1.

పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ రెండు పరుగుల హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) ముగించాడు. ఇక్కణ్ణుంచి రెడ్ సాక్స్ వరసగా నాలుగు గెలిచి వరల్డ్ సిరీస్‌కి వెళ్లి, అక్కడ సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ని 4–0తో ఓడించి, 1918 తర్వాత మొదటిసారి కప్పు అందుకున్నారు. మేజర్ లీగ్‌లో 0–3 నుంచి తేరుకుని సిరీస్ గెలిచిన జట్టు ఇప్పటికీ ఇదొక్కటే.

తేదీ విషయంలో చిన్న జాగ్రత్త. ఆ ఆట అర్ధరాత్రి దాటి 1:22కి ముగిసింది. అయినా రికార్డుల్లో మొదలైన రోజే ఉంటుంది. హైదరాబాద్‌లో అప్పటికి 18వ తేదీ ఉదయం 10:52. ఇండియాలో కూర్చుని వెతికేవాళ్లు మన పేపర్లో వచ్చిన తేదీ కాకుండా ఒకటి రెండు రోజులు వెనక్కి చూడాలి.

ఇలా మూడు నాలుగు ఆటలు చదివాకే ఆటగాళ్ల పేజీల్లోకి వెళ్లండి.

బ్యాటర్ లెక్కలు

క్రికెట్ సగటుని మర్చిపోండి. ఇక్కడ సగటు అంటే హిట్లని బ్యాటింగ్ అవకాశాలతో భాగించడమే. .300 అంటే పదిసార్లలో మూడు హిట్లు, అది మంచి బ్యాటర్ లెక్క. ఏడుసార్లు ఫెయిలైనవాణ్ణి మెచ్చుకోవడం అలవాటు కావడానికి నాకు కొంత టైమ్ పట్టింది.

రెడ్ సాక్స్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ 1941 పేజీ తెరవండి. సీజన్ చివరి రోజు పొద్దున అతని లెక్క 448 అవకాశాలకి 179 హిట్లు, అంటే .39955. దగ్గరి అంకెకి సవరిస్తే .400 అయిపోతుంది. ఆడకుండా కూర్చున్నా పుస్తకాల్లో .400 అనే పడేది. అతను ఫిలడెల్ఫియాలో ఆ రోజు రెండు మ్యాచ్‌లూ ఆడాడు, ఎనిమిది అవకాశాల్లో ఆరు హిట్లు కొట్టాడు. 456కి 185, అంటే .406. ఆ తర్వాత అమెరికన్, నేషనల్ లీగుల్లో .400 ఎవరూ అందుకోలేదు. క్యాలిక్యులేటర్ తీసి ఈ రెండు భాగహారాలూ మీరే చేసి చూడండి, సగటు అంటే ఏంటో ఇక మర్చిపోరు.

అదే పేజీలో ఇంకో సంగతి ఉంది. ఆ ఏడు అతనికి 147 వాక్‌లు వచ్చాయి. వాక్ బ్యాటింగ్ అవకాశంగా లెక్కకి రాదు, అందుకే సగటులో కనిపించదు. బేస్ మీదికి ఎన్నిసార్లు చేరాడో చెప్పే ఆన్-బేస్ శాతంలో కనిపిస్తుంది. అది .553. అంటే బ్యాట్ పట్టుకుని వచ్చిన సార్లలో సగానికి పైగా అవుట్ కాలేదు. ఒకే ఒక్క అంకె చూడాలంటే నేను సగటు వదిలేసి ఇదే చూస్తాను.

పిచ్చర్ లెక్కలు

ఈఆర్‌ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ ఇచ్చిన పరుగులు, ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి తీసేసి. రెడ్ సాక్స్ పిచ్చర్ పెడ్రో మార్టినెజ్ 2000లో 217 ఇన్నింగ్స్‌లో అలాంటివి 42 ఇచ్చాడు. 42ని 9తో గుణించి 217తో భాగిస్తే 1.74. తక్కువే, కానీ ఎంత తక్కువ? ఆ ఏడు అమెరికన్ లీగ్ మొత్తం సగటు దాదాపు 4.9. హిట్టర్లు రెచ్చిపోయిన రోజులవి. దీన్ని లెక్కలోకి తీసుకునేదే ఈఆర్‌ఏ ప్లస్. అందులో 100 అంటే మామూలు పిచ్చర్. పెడ్రోది 291.

ఇన్నింగ్స్ దగ్గర చుక్క చూసి కంగారు పడకండి. 1999లో అతని లెక్క 213.1 అని ఉంటుంది. అంటే 213 ఇన్నింగ్స్, పైన ఒక అవుట్. క్రికెట్లో 12.3 ఓవర్లు అన్నట్టే.

బేబ్ రూత్‌ని వెతికితే రెండు పట్టికలూ చూడండి. బోస్టన్‌లో అతను మొదట పిచ్చర్. 1916లో 23 ఆటలు గెలిచాడు, ఈఆర్‌ఏ 1.75. హోమ్ రన్ల పట్టిక ఒక్కటే చూస్తే ఈ మనిషి సగమే తెలుస్తాడు.

కాలాలు పోల్చేటప్పుడు

ఇప్పుడు సీజన్‌కి 162 ఆటలు. 1961కి ముందు చాలాకాలం 154. 1994లో సమ్మె వల్ల వరల్డ్ సిరీస్ జరగనే లేదు, 2020లో కోవిడ్ వల్ల 60 ఆటలే. హోమ్ రన్లు ఆ ఏడు ఎందుకు తగ్గాయా అని బుర్ర బద్దలు కొట్టుకోకముందు ఆటల సంఖ్య చూడండి. విలియమ్స్ పేజీలో 1943, 44, 45 ఖాళీగా ఉంటాయి, యుద్ధం. బంతి ఎంత వేగంతో కొట్టాడనే స్టాట్‌కాస్ట్ లెక్కలు 2015 నుంచే అన్ని స్టేడియాల్లో ఉన్నాయి, అంతకుముందు ఆటగాళ్లకి వెతికి లాభం లేదు.

పాత పుస్తకానికీ సైట్‌కీ తేడా వస్తే సైట్ తప్పని అనుకోకండి. నల్లజాతి ఆటగాళ్లని పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు నీగ్రో లీగ్స్‌లో ఆడారు. ఆ లెక్కల్ని మేజర్ లీగ్ 2024లో అధికారిక రికార్డుల్లో కలిపింది. దాంతో కెరీర్ సగటులో టై కాబ్ (.367) రెండో స్థానానికి దిగి, జాష్ గిబ్సన్ .372తో మొదటి స్థానంలోకి వచ్చాడు. రెడ్ సాక్స్ విషయానికొస్తే, మొదటి నల్లజాతి ఆటగాడు పంప్సీ గ్రీన్ బరిలోకి దిగింది 1959 జూలైలో. అప్పటికి లీగ్‌లో మిగతా జట్లన్నీ ఆ పని చేసేశాయి.

పాత ఆటల కోసం రెట్రోషీట్ కూడా చూడండి. 1989లో మొదలైన వాలంటీర్ల పని అది. ఎవరెవరో రాసుకున్న స్కోర్ పుస్తకాలూ పేపర్ కటింగులూ తెచ్చి ఒక్కో ఆట ఎక్కించారు. మనుషుల కథలు కావాలంటే సేబర్ అనే పరిశోధక సంఘం రాయించిన ఆటగాళ్ల జీవిత వ్యాసాలు ఉచితంగా దొరుకుతాయి. వీడియోలకి లీగ్ సొంత యూట్యూబ్ ఛానెళ్లు ఉన్నాయి, వెనకటి పూర్తి మ్యాచ్‌లు చాలానే పెట్టారు. ముందు ప్లే-బై-ప్లే చదివి తర్వాత వీడియో చూడమంటాను, ఫలితం తెలిసినా టెన్షన్ తగ్గదు.

రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని చదవడం చివరగా అలవాటు చేసుకోండి. విలియమ్స్ 1960 గేమ్ లాగ్ (అతను ఆడిన ఆటల వరస) ఒకవైపు, అదే ఏడు జట్టు షెడ్యూల్ ఇంకోవైపు. సెప్టెంబర్ 28న ఫెన్‌వేలో చూడ్డానికి వచ్చినవాళ్లు 10,454 మంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అతను హోమ్ రన్ కొట్టాడు, కెరీర్‌లో 521వది. షెడ్యూల్లో దాని కింద న్యూయార్క్‌లో ఇంకా మూడు ఆటలుంటాయి. గేమ్ లాగ్‌లో ఏమీ ఉండదు.