పవర్ వీల్‌చైర్‌ను రోజూ ఎలా చూసుకోవాలి? చెన్నైలో ఉండేవాళ్ళ కోసం

బ్యాటరీతో నడిచే పవర్ వీల్‌చైర్ ఇంటికి రాగానే, చూపించడానికి వచ్చిన కంపెనీ మనిషి వివరాలన్నీ భర్తకో, కొడుక్కో, అన్నకో చెబుతాడు. అందులో కూర్చోబోయే మనిషి పక్కన వింటూ ఉంటారు. ఈ అలవాటు మొదటి రోజే మార్చాలి. కుర్చీ సంగతులు కూర్చునేవాళ్ళకే అందరికంటే బాగా తెలియాలి. నా చేతుల్లో స్పానర్ తిప్పే బలం లేదు. పని మా ఆయనా, మా అమ్మాయీ చేస్తారు. ఏది ఎప్పుడు చూడాలో చెప్పేది మాత్రం నేనే. చేసేవాళ్ళు ఊరెళ్ళినా, పనిమనిషి మారినా నా కుర్చీ ఆగకూడదు కదా.

మొదటి రోజే తెలుసుకోవాల్సినవి

బ్యాటరీ ఏ రకం? లెడ్ యాసిడా, లిథియమా? ఫ్యూజు లేదా బ్రేకర్ ఎక్కడుంది? కరెంటు లేకుండా కుర్చీని చేత్తో తోయడానికి మోటార్ల దగ్గరుండే లీవర్లు ఎటు తిప్పాలి? ఈ మూడూ వచ్చినతనితో చేయించి ఫోన్‌లో వీడియో తీయించండి. సీటు ఎత్తితే కనిపించే వైర్లన్నిటికీ ఫోటోలు తీసి ఉంచండి. ఎప్పుడైనా మెకానిక్ విప్పితే, మళ్ళీ ఏ వైరు ఎక్కడిదో ఆ ఫోటోనే చెబుతుంది.

ఆ లీవర్ల గురించి ఒక హెచ్చరిక. కుర్చీ ఆగి ఉన్నప్పుడు మోటార్లలోని బ్రేకులు వాటంతటవే పట్టి ఉంటాయి. లీవర్ తిప్పితే ఆ బ్రేకు వదిలేస్తుంది. మనిషి కూర్చుని ఉండగా ఏటవాలు మీద ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కీ, సాయం చేసే పక్కింటివాళ్ళకీ కూడా ఇది చెప్పి ఉంచండి.

ఛార్జింగ్

ఎక్కువ కుర్చీల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిసి 24 వోల్టులు ఇస్తాయి. లెడ్ యాసిడ్ అయితే ఆ రోజు కాసేపే తిరిగినా సరే, రాత్రికి ఛార్జింగ్ పెట్టేయండి. సగం ఖాళీగా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంతసేపు పెట్టినా పూర్తిగా ఎక్కదు. ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది, ఆకుపచ్చ లైటు వచ్చేదాకా తీయకూడదు. మధ్యాహ్నం అరగంట, సాయంత్రం అరగంట పెట్టినంత మాత్రాన అది పూర్తి ఛార్జింగ్ కిందికి రాదు. లిథియం బ్యాటరీకి ఈ నియమం లేదు. రోజూ నిండా ఎక్కించనక్కర్లేదు, కాకపోతే పూర్తిగా ఖాళీ చేసి రోజుల తరబడి వదలకూడదు. ఒక రకం ఛార్జర్‌ని ఇంకో రకానికి ఎప్పుడూ పెట్టొద్దు, పిన్ను సరిపోయినా సరే.

చాలా ఇళ్ళలో జరిగేదేమిటంటే, అర్ధరాత్రి మంచినీళ్ళకి లేచిన పెద్దవాళ్ళు ఎర్ర లైటు చూసి, 'ఎవరో స్విచ్ ఆపడం మర్చిపోయారు' అనుకుని కట్టేస్తారు. పొద్దున ఆఫీసుకి బయల్దేరేసరికి ఛార్జింగ్ చూపించే చోట రెండే గీతలు ఉంటాయి. స్విచ్ పైన 'ఆపొద్దు' అని కాగితం అంటించండి. పొద్దున లేవగానే ముందు ఛార్జర్ లైటు చూడండి, తర్వాతే ప్లగ్ తీయండి.

ఛార్జర్ మీద దుప్పటి, తువ్వాలు వేయకూడదు. మంచం కిందా, కర్టెన్ పక్కనా వద్దు. బయటికి వెళ్ళే తలుపుకి అడ్డంగా కుర్చీ నిలిపి ఛార్జింగ్ పెట్టొద్దు. రాత్రిపూట ఏదైనా అయితే మీరు బయటపడాల్సిన దారి అదే. కరెంటు పోయే కాలనీ అయితే ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమేనా, ఛార్జర్ మీద రాసిన వాట్లు అది మోస్తుందా అని ఎలక్ట్రీషియన్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

ఇక ఎండ. 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి 10 డిగ్రీలకీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందన్నది బ్యాటరీల లెక్క. మన మే నెల సంగతి తెలిసిందే. మేడ మీదా, ఎండ తగిలే బాల్కనీలోనూ కుర్చీని వదిలేయకండి. వేరే ఊరివాళ్ళు చెప్పినన్నాళ్ళు మన బ్యాటరీ రాకపోతే కంపెనీని తిట్టుకునే ముందు కుర్చీ ఎక్కడ నిలుపుతున్నారో చూడండి.

రిచీ స్ట్రీట్‌లో వోల్టులు కొలిచే మామూలు మల్టీమీటర్ ఒకటి కొనుక్కుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. ఛార్జింగ్ తీసిన రెండు మూడు గంటలకి ఒక్కో బ్యాటరీని విడిగా చూడండి. మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.7 వోల్టులకి అటూ ఇటూగా చూపిస్తుంది. ఒకటి బాగుండి రెండోది అర వోల్టు తక్కువ చూపిస్తే ఆ రెండోది పోతున్నట్టే. మార్చేటప్పుడు మాత్రం రెండూ కలిపే మార్చాలి. పాతదాని పక్కన కొత్తది పెడితే కొత్తది కూడా తొందరగా పాడవుతుంది.

ముందు చక్రాలు

కుర్చీ నేరుగా పోకుండా ఒక పక్కకి లాగుతోందంటే అందరూ మోటారు పోయిందని కంగారు పడతారు. మోటారు సంగతి తర్వాత, ముందున్న చిన్న చక్రాలు చూడండి. మా ఇంట్లో అమ్మాయి జడ వెంట్రుకలూ, గుమ్మం దగ్గర రాలిన మల్లెపూల దారమూ, చీర అంచు పోగులూ అన్నీ చేరేది ఆ చక్రం ఇరుసు దగ్గరే. చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకీ చక్రానికీ మధ్య అవి ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, నల్లగా, గట్టిగా తాడులా బిగుసుకుపోతాయి. చక్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి పైకి తెలియదు. లోపల బేరింగ్ సీలు కోసుకుపోయి దుమ్ము దూరుతుంది. కుట్లు విప్పే చిన్న కత్తెరతో అడ్డంగా కోసి, పట్టకారుతో పోగు పోగూ లాగాలి. వారానికి ఒకసారి చేస్తే ఐదు నిమిషాల పని. పండగ వెళ్ళిన మర్నాడు తప్పకుండా చూడండి, ఇల్లంతా పూలూ దారాలే ఉంటాయి.

తుప్పు వదిలించే స్ప్రేని బేరింగుల్లోకి కొట్టకండి, లోపలి గ్రీజు కరిగిపోతుంది. పొడి గుడ్డతో తుడవడమే మంచిది.

గాలి టైర్లయితే ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. సైకిల్ షాపులో ఆ అంకె చూపించండి. చాలా కుర్చీల చక్రాల రిమ్ము రెండు ముక్కలుగా ఉండి బోల్టులతో కలిపి ఉంటుంది. గాలి మొత్తం తీసేయకుండా ఆ బోల్టులు విప్పితే రిమ్ము ఎగిరి మొహానికి తగులుతుంది. పంక్చర్ వేసే అతనికి ఈ సంగతి తెలియకపోవచ్చు. పక్కనే ఉండి చెప్పండి.

ఉప్పు గాలి, వాన, వరద

తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వైపు ఉండేవాళ్ళకి బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా పొడి కడుతుంది. బ్యాటరీ కనెక్షన్ తీసి, పొడి బ్రష్‌తో రాల్చి, మళ్ళీ బిగించాక కొద్దిగా వేజలిన్ రాయండి. మెరీనాలో 2022లో వేసిన చెక్క దారి మీదుగా సముద్రం దాకా వెళ్ళొస్తే ఆ రాత్రే ఫ్రేమూ, చక్రాలూ తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ఇసుక గట్టిగా రుద్దకుండా ముందు బ్రష్‌తో దులపండి. పైపుతో నీళ్ళు మాత్రం కొట్టకూడదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వానల్లో ముందు కాపాడాల్సింది కుర్చీని నడిపే జాయ్‌స్టిక్‌ని. దాని అడుగున మడతలు మడతలుగా ఉండే రబ్బరు తొడుగు ఉంటుంది. వేలితో మెల్లగా వంచి మడతల మధ్య చూడండి. సన్నటి పగులు కనిపిస్తే వానలు మొదలయ్యేలోపే మార్పించండి. ఆ పగులు లోంచి నీళ్ళు దిగితే కుర్చీ ఆగిపోవచ్చు, లేదా మీరు చెప్పని వైపు కదలొచ్చు. ఖరీదైన కవర్ అక్కర్లేదు, స్నానాల గదిలో వాడే షవర్ క్యాప్ ఒకటి సీటు జేబులో ఉంచుకోండి.

రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే దిగకండి. మోటార్లూ, కంట్రోలరూ సీటు కిందే, నేలకి దగ్గరగా ఉంటాయి. పైగా మూత లేని మ్యాన్‌హోల్ నీళ్ళ కింద కనిపించదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి వేళచ్చేరి వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి, కొన్నిచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. కింది అంతస్తులో ఉండేవాళ్ళు తుపాను హెచ్చరిక వినగానే కుర్చీకి నిండా ఛార్జింగ్ పెట్టి, ఛార్జర్‌ని అటక మీద పెట్టి, లిఫ్ట్ పనిచేస్తుండగానే పై అంతస్తుకి చేరండి. కరెంటు పోయాక ఆ బరువు మెట్ల మీద మోయడం చాలా కష్టం. కుర్చీ నీళ్ళలో మునిగితే 'ఆన్ అవుతుందా' అని చూడకండి, ఛార్జింగూ పెట్టకండి. బ్యాటరీ కనెక్షన్ తీయించి టెక్నీషియన్ వచ్చేదాకా ఆగండి.

కూర్చునే ఒళ్ళు

కుర్చీ బాగున్నా ఒంటికి పుండు పడితే నెలల తరబడి మంచమే గతి. స్పర్శ తక్కువగా ఉన్నవాళ్ళు పావుగంట నుంచి అరగంటకోసారి బరువు మార్చుకోవాలి. టిల్ట్ ఉంటే వెనక్కి వాలండి, లేకపోతే ముందుకో పక్కకో ఒరగండి. ఫోన్‌లో అలారం పెట్టుకోవడానికి మొహమాటం వద్దు. గాలి కుషన్ అయితే కూర్చున్నాక అడుగు నుంచి చెయ్యి పెట్టించి చూడండి, ఎముకకీ సీటుకీ మధ్య అర అంగుళం నుంచి అంగుళం గాలి మిగలాలి. మన చెమటకి కవర్ తరచూ ఉతకాలి. వెనక జేబులో పర్సు, మందంగా కుట్టిన ప్యాంటు, రెండూ మానేయండి.

రాత్రి పడుకునే ముందు అద్దంతోనో, ఇంట్లోవాళ్ళ చేతో చర్మం చూడండి. ఎరుపు అరగంటయినా తగ్గకపోతే ఆ చోట బరువు పెట్టకుండా డాక్టరుకి చూపించండి. సిగ్గుపడి దాచుకుంటే పుండు లోతుకి దిగుతుంది.

బయటికి వెళ్ళేటప్పుడు

ర్యాంపు లెక్క సులువు. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. ఆరంగుళాల గడప ముందు రెండడుగుల రేకు వేసి 'ఎక్కండి' అంటే ఎక్కకండి, కుర్చీ వెనక్కి పడుతుంది. ఎక్కినా దిగినా నేరుగానే, ఏటవాలుకి అడ్డంగా తిరగొద్దు. నడుం బెల్టు తప్పనిసరి.

మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి. రైలెక్కేటప్పుడు తలుపుకి సూటిగా నిలిచి ఒకే ఊపున వెళ్ళండి, కోణంగా వెళితే చిన్న చక్రం సందులో ఇరుక్కుంటుంది. 2024లో ఎంటీసీ తెచ్చిన లో ఫ్లోర్ బస్సుల్లో మడత ర్యాంపు ఉంటుంది. డ్రైవరు ఫుట్‌పాత్‌కి దగ్గరగా ఆపితేనే అది పనికొస్తుంది కాబట్టి స్టాపులో ముందుగానే చెయ్యెత్తి కనిపించేలా నిలబడమని తోడొచ్చినవాళ్ళకి చెప్పండి.

ఎత్తాల్సి వస్తే ఈ ఊళ్ళో సాయానికి మనుషులు వెంటనే వస్తారు, వచ్చీ రాగానే చేతులు ఆనించే పట్టీలు పట్టుకుంటారు. అవి ఊడి వచ్చేస్తాయి. "ఇంగ పుడిక్కాదీంగ, కీళ ఫ్రేమ పుడింగ" అనండి, ఇక్కడ పట్టుకోకండి, కింద ఫ్రేము పట్టుకోండి అని. మీరు ముందు దిగి, బ్యాటరీలు తీయించి, ఆ తర్వాతే ఎత్తించాలి.

దారిలో ఆగిపోతే

ముందు ఆఫ్ చేయండి. జాయ్‌స్టిక్ మీద చెయ్యి తీసేసి మళ్ళీ ఆన్ చేయండి. ఆన్ చేసేటప్పుడు జాయ్‌స్టిక్ కాస్త వంగి ఉన్నా చాలా కుర్చీలు తప్పు చూపించి కదలవు. ఛార్జర్ తగిలించి ఉన్నా కదలవు. తర్వాత బ్రేకరూ, మోటారు లీవర్లూ చూడండి, బస్సులో ఎక్కించేటప్పుడు ఎవరో తిప్పి ఉండొచ్చు. అప్పటికీ లైటు మిణుకుతుంటే ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెట్టి, వీడియో తీసి టెక్నీషియన్‌కి పంపండి. ఏ అంకెకి ఏ లోపమో కుర్చీతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఆ పేజీ ఫోటో మీ ఫోన్‌లో ఉండాలి. టెక్నీషియన్ బాగుచేశాక డబ్బులిచ్చే ముందు మీరే కూర్చుని ముందుకీ, వెనక్కీ, రెండు వైపులా తిప్పి, చిన్న ఏటవాలు మీద ఆపి చూడండి.